పదమూడో మడత

జెండా అంచున ఎరుపు కనబడుతోంది.

ఆర్డిస్ హాగ్‌లండ్ కాఫీ కప్పును పెదాల దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేసింది. పుస్తకాల బీరువా మీద మూడు మూలల గాజు పెట్టె. అందులో వెండెల్ ఆసెన్ శవపేటిక మీంచి తీసి, అతని ఇంటివాళ్ళు ఆమెకిచ్చిన అమెరికా జెండా. పదిహేనేళ్ళుగా ఆ గాజు వెనక ఆమె చూసింది నీలం ఒక్కటే, ఆ నీలం మీద తెల్ల నక్షత్రాలు. పదమూడు మడతలు వేసి, మిగిలిన కొసను సంచి మూతలా లోపలికి దోపాక ఎర్రచార దారప్పోగంత కూడా బయటికి రాకూడదు. వస్తే మొత్తం విప్పి మొదటినుంచి మడవాలి. సైన్యంలో అడుగుపెట్టిన వాళ్ళెవరికీ ఈ సంగతి చెప్పక్కర్లేదు.

ఇవాళ కింది అంచున చిటికెన వేలి గోరంత వెడల్పున ఎరుపు.

ఆమె కప్పు పక్కన పెట్టి పెట్టె వెనక గడియ తీసింది. జెండాను ఒళ్ళోకి తీసుకుని కొస లాగింది. అంత్యక్రియల్లో గాలిలోకి పేల్చిన తూటాల ఖాళీ గొట్టాలు మూడు, చల్లగా చేతిలో పడ్డాయి. అవి ఉన్నాయి. ఇంకో నాలుగు మడతలు విప్పింది. వేళ్ళతో లోపలంతా తడిమింది.

కవరు లేదు.

"లైల్!"

వంటింట్లోంచి లైల్ అట్లకాడ చేత్తో పట్టుకునే వచ్చాడు. ఆరడుగుల మనిషి. పొద్దుతిరుగుడు కోతలతో మొహం ఇంకా ఎండ రంగులోనే ఉంది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో భార్య ఇంత గట్టిగా అరవడం రెండోసారి వింటున్నాడు. మొదటిసారి ఆమె సెనేట్‌కి గెలిచిన రోజు.

"ఏంటి, ఎలకా?"

"ఎలక జెండా విప్పి మళ్ళీ మడుస్తుందా?"

లైల్ ఆమె ఒడిలోకి చూశాడు. నవ్వు ఆపేశాడు.

"ఇందులో ఒక కవరుండాలి," అంది ఆర్డిస్.

"ఏం కవరు?"

పొయ్యి మీద అట్టు మాడుతున్న వాసన వస్తోంది. ఇద్దరూ కదల్లేదు.

"ఓరిన్ ఇచ్చింది. జర్మనీలో మన సైనికాసుపత్రిలో. వాడి చెయ్యి తీసేసిన నాలుగో రోజు."

లైల్ అట్లకాడను బీరువా మీద మెల్లగా పెట్టాడు. "పదిహేనేళ్ళుగా ఈ పెట్టె మీద దుమ్ము దులిపింది నేను ఆర్డిస్. ప్రతి శనివారం."

"తెలుసు."

"లోపల కవరుందని తెలిస్తే ఇంకొంచెం శ్రద్ధగా దులిపేవాణ్ణి."

అతను వెటకారంగా మాట్లాడాడంటే ఒళ్ళు మండిందని అర్థం. ఆర్డిస్‌కి ఆ సంగతి తెలుసు. కానీ మంగళవారం పోలింగు. ఇవాళ ఆదివారం. కోపాలకి టైము లేదు.

మూడు వారాల కిందట, పదిహేనేళ్ళ నాటి సైనిక విచారణ నివేదిక ఒకటి పత్రికలకెక్కింది. ఎడారి యుద్ధంలో, ఇసుక తుపానులో, వెనక్కి రమ్మన్న ఆజ్ఞను కాదని కెప్టెన్ ఆర్డిస్ హాగ్‌లండ్ అంబులెన్సు హెలికాప్టర్‌ని ముందుకు నడిపింది. గాయపడ్డ ఐదుగురిని ఎక్కించుకుంది. తిరిగొచ్చి దిగబోతూ దుమ్ములో నేల కనబడక యంత్రం పక్కకి ఒరిగి కూలింది. స్ట్రెచర్ల మీది ఐదుగురూ బతికారు. వాళ్ళకి అడ్డంగా పడుకున్న వైద్య సహాయకుడు వెండెల్ ఆసెన్, ఇరవై మూడేళ్ళవాడు, చచ్చిపోయాడు. విచారణలో ఆమె ప్రమాణం చేసి చెప్పింది రెండే రెండు ముక్కలు. 'విన్నాను. పాటించలేదు.'

ఇప్పుడు ఆ రెండు ముక్కలూ గంటకోసారి టీవీలో మోగుతున్నాయి. ఆమె మీద పోటీ చేస్తున్న రోలండ్ స్పియర్ ప్రకటన అది. 'విన్నారు. పాటించలేదు. మన కుర్రాడు ఇంటికి రాలేదు.' సర్వేల్లో తొమ్మిది పాయింట్ల ఆధిక్యం కరిగిపోయి రెండు పాయింట్ల వెనకబాటయింది.

"ఒక్క మాట అడగనా?" అన్నాడు లైల్. "ఇన్నేళ్ళలో అడగలేదు. నిజంగా విన్నావా?"

"లేదు."

లైల్ కుర్చీలో కూలబడ్డాడు.

"రెండు రేడియోలుంటాయి," అంది ఆర్డిస్. "కింద గాయపడ్డవాళ్ళతో మాట్లాడేది నేను పెట్టుకున్నాను. పై అధికారులది నువ్వు విను, ఏమైనా అంటే చెప్పు అని నా వెనక కూర్చున్న ఓరిన్‌కి అప్పజెప్పాను. ఆజ్ఞ వచ్చింది. వాడు విన్నాడు. నాకు చెప్పలేదు."

"మరి నువ్వెందుకు..."

"వినలేదంటే, విన్నదెవరని అడుగుతారు. ఒక చెయ్యి పోయి మంచాన పడున్నవాణ్ణి సైనిక కోర్టులో నిలబెడతారు. వాడు ఆ మంచం మీదే, మిగిలిన చేత్తో జరిగిందంతా రాసి, కవరు అంటించి, విచారణ వాళ్ళకి ఇవ్వమని నా చేతికిచ్చాడు. నేనివ్వలేదు."

"ఇవ్వకపోతే పోనీ. నాకైనా చెప్పొచ్చుగా!"

"చెప్తే నువ్వు నోరు మూసుకునుండేవాడివా?"

"నేను నార్వే నుంచి వలసొచ్చినవాళ్ళ మనవణ్ణి. నోరు మూసుకోవడం తప్ప మా తాత మాకింకేం నేర్పలేదు." లైల్ లేచి నిలబడ్డాడు. "స్పియర్ నిన్ను హంతకురాలంటుంటే మూడు వారాలు చర్చిలో, కొట్లో, పెట్రోలు బంకులో తల దించుకు తిరిగాను. నువ్వు వినలేదని నాకొక్కడికి తెలిసుంటే తలెత్తుకుని నోరు మూసుకునేవాణ్ణి. తేడా ఉంది."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ప్రచారం నడిపే ప్రెస్టన్ విట్లో వచ్చాడు. వాషింగ్టన్ నుంచి వచ్చి పదిరోజులైంది. ఇంకా ఆ మెరిసే బూట్లు మార్చలేదు. చెరో చేతిలో ఒక ఫోను.

"ఏదో మాడుతోంది," అన్నాడు.

"మాదే," అన్నాడు లైల్.

ఆర్డిస్ లేచి అతని కళ్ళలోకి చూసింది. "ప్రెస్టన్, పది రోజులుగా ఈ గదిలో సోఫా మీద కూర్చుని పనిచేస్తున్నది నువ్వు. ఈ జెండా ముట్టుకున్నావా?"

"నేనా? మేడమ్, మీ ఇంట్లో టీవీ రిమోట్ ముట్టుకోవాలన్నా నాకు భయమే. ఏమైంది?"

చెప్పింది. చెబుతున్నంతసేపూ ప్రెస్టన్ మొహం దీపావళి మతాబులా వెలుగుతూ వచ్చింది.

"ఆగండి, ఆగండి. మీది తప్పు కాదని తేల్చే కాగితం ఉందా? ఇంట్లోనే? నేను కూర్చున్న సోఫాకి మూడడుగుల దూరంలో?" అతను రెండు ఫోన్లతో తల పట్టుకున్నాడు. "అది నేనే దొంగిలించి ఉంటే బాగుండేది మేడమ్! ఈపాటికి గెలిచి కూర్చునేవాళ్ళం. అసలేం రాసుంది అందులో?"

"తెలీదు."

"తెలీదంటే?"

"కవరు విప్పలేదు."

మొగుడూ, ప్రచార నిర్వాహకుడూ ఒకేసారి ఆమెవైపు చూశారు.

"పదిహేనేళ్ళు?" అన్నాడు లైల్.

"అది నాకు రాసింది కాదు," అంది ఆర్డిస్. "విచారణ వాళ్ళకి రాసింది."

ప్రెస్టన్ సోఫాలో వెనక్కి వాలిపోయాడు. కాసేపటికి తేరుకున్నాడు. "సరే. ఈ వారం ఇంట్లోకి ఎవరెవరొచ్చారు? తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"తాళమా?" అన్నాడు లైల్. "ఆ ముందు తలుపు తాళంచెవి మా నాన్న హయాంలో పోయింది."

"అమెరికా సెనేటర్ ఇంటికి తాళం లేదా!"

"ఉంటే, హీటరు పాడైనప్పుడు బాగుచేసేవాడు లోపలికెలా వస్తాడు? గురువారం నేను చేలో ఉండగా ఓరిన్ వచ్చి చేసి పోయాడు. బుధవారం టీవీ వాళ్ళొచ్చారు. దీపాలు, తీగలు, ఇల్లంతా తొక్కారు."

ఆర్డిస్ జెండా చేతిలోకి తీసుకుంది. తప్పు మడతతో జెండాను అలా వదిలెయ్యడం ఆమె వల్ల కాదు. "లైల్, ఆ చివర పట్టుకో."

చారల వైపు లైల్, నక్షత్రాల వైపు ఆమె. తొమ్మిదిన్నర అడుగుల గుడ్డని పూర్తిగా విప్పి బిగించి పట్టుకున్నారు. వాకిట్లోంచి వచ్చిన వెలుతురు దాని మీద పడింది. అప్పుడు చూసింది ఆర్డిస్. ఎవరో నాలుగు మడతలు విప్పి వదిలెయ్యలేదు. మొత్తం విప్పి, చారల వైపునుంచి, పద్ధతి ప్రకారం, మూలకి మూల కలిపి పన్నెండు మడతలు తప్పులేకుండా వేశారు. తేడా వచ్చింది పదమూడో మడతలోనే. కొస పూర్తిగా లోపలికి పోలేదు.

ప్రతి మడత దగ్గరా అంచు మీద నొక్కు ఒకటి పడింది. చిన్నది, సగం చందమామలా.

"విప్పినవాడికి మడవడం వచ్చు," అంది. "ప్రెస్టన్, నువ్వు కాదు."

"థాంక్స్. ఎలా తేల్చారు?"

"నువ్వు నీ చొక్కానే మడవలేవు."

ప్రెస్టన్ వంగి ఆ నొక్కులు చూశాడు. "క్లిప్పులు! టీవీ వాళ్ళు దీపాలకి పెడతారే, ఆ క్లిప్పులు! మేడమ్, స్పియర్‌కి సొంత రేడియో స్టేషనుంది. ఆ టీవీ వాళ్ళలో సగం మంది ఒకప్పుడు అతని దగ్గర పనిచేసినవాళ్ళే. కవరు అతని చేతికి చేరింది. మీరు ప్రమాణం చేసి అబద్ధం చెప్పారని ఇవాళ చర్చి భోజనంలో బయటపెడతాడు. మనమే ముందు చెప్పేద్దాం. గంటలో విలేకరుల్ని పిలుస్తాను."

"వద్దు."

"మేడమ్, తప్పు మీది కాదు, ఓరిన్‌ది! ఒక్క మాట చెప్పండి చాలు, గెలుస్తాం."

"ప్రెస్టన్," అంది ఆర్డిస్, జెండా చివరి కొస లోపలికి దోపుతూ, "ఈ ఊళ్ళో హీటర్లన్నీ ఒంటి చేత్తో బాగుచేసే మనిషి వాడు. వాడి భుజాల మీద ఎక్కి నేను గెలవను. ఓడిపోతే ఇంటికొచ్చి అట్లు మాడ్చుకుంటాను."

"ఇవాళ అరిచి మాడ్చిందీ నువ్వే," అన్నాడు లైల్. కానీ ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. ఎరుపు ఎక్కడా కనబడకుండా ఉన్న జెండాను రెండు చేతులతో అందుకుని పెట్టెలో పెట్టాడు.

*

చర్చి నేలమాళిగలో మూడువందల మంది. లూట్‌ఫిస్క్ వాసన మెట్ల మీదికే ఎదురొచ్చింది. ఎండుచేపని క్షారపు నీళ్ళలో వారం నానేసి ఉడికిస్తే వచ్చే ఆ వాసనకి అలవాటు పడనివాళ్ళు ఈ జిల్లాలో ఎన్నికల్లో నిలబడకూడదు. ప్రెస్టన్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అది తియ్యి," అంది ఆర్డిస్. "నలభై ఓట్లు పోతాయి."

గుమ్మంలోనే కొరియా యుద్ధం నాటి టోపీ పెట్టుకున్న ముసలాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మాజీ సైనికుల ఆసుపత్రి మూసేస్తామంటే సెనేట్‌లో పద్నాలుగు గంటలు నిలబడి మాట్లాడావు చూడు, మొత్తం రేడియోలో విన్నానమ్మాయ్. మధ్యలో నేను రెండుసార్లు నిద్రపోయాను. నువ్వు పోలేదు."

"మీరు నిద్రపోయినప్పుడే బాగా మాట్లాడాను."

ముసలాయన పకపకా నవ్వాడు. కానీ ఆయన వెనక బల్ల దగ్గర కూర్చున్న నలుగురు తలలు తిప్పుకున్నారు. మూడు వారాల కిందట అయితే లేచొచ్చేవాళ్ళు.

అవతలి బల్ల మధ్యలో రోలండ్ స్పియర్ చేప తింటున్నాడు. ధాన్యం గిడ్డంగులవాడు. పెద్దమనిషి తరహా, మెత్తటి గొంతు. కోటు జేబులోంచి మడిచిన కాగితం ఒకటి బయటికి కనబడుతోంది. ఆర్డిస్ దానికేసే చూసింది. అదేనా?

ముందు వంటింట్లోవాళ్ళని పలకరించడం ఇక్కడి మర్యాద. ఆమె లోపలికెళ్ళింది.

ఆవిరి మధ్యలో మర్టిల్ బామ్మ గరిటెతో సైన్యాధిపతిలా నిలబడి ఉంది. ఎనభై రెండేళ్ళు. "ఉఫ్ డా! సెనేటరొచ్చింది, అడ్డు లేవండి. తినడానికొచ్చావా, ఓట్లకొచ్చావా?"

"తినడానికే బామ్మా."

"అబద్ధమాడకు. ఆ చేప తినడానికి ఎవరూ రారు."

మూల పొయ్యి దగ్గర ఓరిన్ స్కార్ వెన్న కరిగిస్తున్నాడు. ప్రతి ఏడూ అతని పని అదే. చొక్కా ఎడమ చెయ్యి మడిచి భుజం దగ్గర పిన్నుతో పెట్టి ఉంది. గిన్నె దించాడు. పక్కనున్న తువ్వాలు తీసుకుని మడవబోయాడు. ఒక మూల పళ్ళ మధ్య పట్టాడు. రెండో మూల కుడిచేత్తో లాగి బిగించి, గడ్డం కింద నొక్కి, మూలకి మూల కలిపాడు.

సగం చందమామ.

ఆర్డిస్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఓరిన్ తలెత్తాడు. ఆమెను చూశాడు. నోట్లోంచి తువ్వాలు మెల్లగా తీశాడు.

"కెప్టెన్," అన్నాడు.

"చివరి మడత సరిగా రాలేదు ఓరిన్."

"తెలుసు. దానికి రెండు చేతులు కావాలి. అరగంట తంటాలు పడ్డాను."

"ఏదీ అది?"

అతను ఏప్రన్ జేబు తట్టాడు. కవరు చప్పుడైంది. "అందులోనే ఉంటుందని నాకెప్పుడో తెలుసు. మీకు దాచడం రాదు. వచ్చినా ఒక్కచోటే దాస్తారు."

"ఇలా ఇచ్చెయ్."

"ఇవ్వను."

"నెమ్మదిగా మాట్లాడు. మంగళవారం దాటనీ. ఆ తర్వాత మనిద్దరం కూర్చుని..."

"పదిహేనేళ్ళుగా దాటనిస్తూనే ఉన్నాం కెప్టెన్." అతను పొయ్యి ఆపాడు. "టీవీలో గంటకోసారి నా మాట మీ పేరు మీద మోగుతోంది. మా అమ్మాయి దాన్ని ఆపెయ్యబోతే వద్దన్నాను. విననీ, నాకు దక్కాల్సింది నేను విననీ అన్నాను."

"ఓరిన్. కవరు ఇవ్వు. ఇది ఆజ్ఞ."

ఓరిన్ ఉన్నట్టుండి నవ్వాడు. ఆ హెలికాప్టర్ కూలిన రోజు పొద్దున నవ్వినట్టు, పళ్ళన్నీ కనబడేలా.

"విన్నాను," అన్నాడు. "పాటించను."

హాల్లో ఎవరో చెంచాతో గ్లాసు మీద టింగుటింగుమని కొట్టారు. స్పియర్ గొంతు మైకులో వినబడింది. "సెనేటర్ ఇక్కడే ఉన్నారని విన్నాను. ఒకసారి ఇటు వస్తారా?"

ఆర్డిస్ ఓరిన్ ఛాతీ మీద అరచెయ్యి పెట్టి ఆపి, తను హాల్లోకి నడిచింది.

మూడువందల ముఖాలు ఆమెవైపు తిరిగాయి. లైల్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. తల దించుకోలేదు. ఆమెకది కనబడింది. కొండంత ధైర్యం వచ్చింది.

స్పియర్ జేబులోంచి కాగితం తీసి విప్పాడు. అది ఆ పాత విచారణ నివేదికే. మిగతా అందరి దగ్గరా ఉన్నదే.

"సెనేటర్, ఇక్కడున్నవాళ్ళందరూ మనవాళ్ళే," అన్నాడు స్పియర్. "వెండెల్ ఆసెన్ ఈ చర్చిలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. నేను మీ మీద నిందలు వెయ్యడానికి రాలేదు. ఒకే ప్రశ్న. ఆ రోజు ఆజ్ఞ విన్నారా, లేదా?"

వినలేదు అంటే ఓరిన్ ఇరుక్కుంటాడు. విన్నాను అంటే వెండెల్ చర్చిలో నిలబడి రెండోసారి అబద్ధమాడినట్టు.

"ఆ హెలికాప్టర్ నడిపింది నేను," అంది ఆర్డిస్. గొంతు హాలు చివరిదాకా వెళ్ళింది. "అందులో జరిగిన ప్రతిదానికీ బాధ్యత నాది. ఆ రోజూ, ఇవాళా. ఎన్నికలు గెలిచినా, ఓడినా. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ప్రతి క్రిస్మస్‌కీ ఐదు కార్డులుంటాయి. ఆ ఐదుగురికీ ఇప్పుడు పద్నాలుగు మంది పిల్లలు. వెండెల్ కోసం నేను రోజూ ఏడ్చాను. ఆ పిల్లల కోసం మాత్రం ఒక్కరోజు కూడా క్షమాపణ చెప్పను."

కొరియా టోపీ ముసలాయన బల్ల మీద అరచేత్తో చరిచాడు. ఇంకో బల్ల, ఇంకో బల్ల. చప్పుడు హాలంతా పాకింది.

స్పియర్ అది సద్దుమణిగేదాకా ఆగాడు. "గొప్పగా చెప్పారు. కానీ అది జవాబు కాదు."

"జవాబు నా దగ్గరుంది."

వంటింటి గుమ్మంలో ఓరిన్. ఏప్రన్ మీద వెన్న మరకలు. ఒంటి చేతిలో పసుపు పట్టిపోయిన కవరు. అతని వెనక మర్టిల్ బామ్మ గరిటె పైకెత్తి, అడ్డొచ్చినవాళ్ళని కొట్టేలా ఉంది.

"ఓరిన్, వద్దు," అంది ఆర్డిస్.

"కూర్చోండి కెప్టెన్." అతను ముందుకొచ్చాడు. మైకు అందుకోలేదు. దానికి చెయ్యి ఖాళీ లేదు. స్పియరే మైకు తీసి అతని నోటి దగ్గర పట్టుకున్నాడు. పట్టుకోక తప్పలేదు.

"నన్ను మీరందరూ ఎరుగుదురు. మీ ఇళ్ళలో హీటర్లు చేసేది నేనే. ఈ గురువారం నేను సెనేటర్ ఇంట్లో దొంగతనం చేశాను. జెండా విప్పి ఈ కవరు తీశాను. పదిహేనేళ్ళ కిందట నేను రాసి ఇచ్చిందే. ఆవిడ దీన్ని విచారణకి ఇవ్వకుండా దాచారని నాకు తెలుసు. కానీ గురువారం చేతిలోకి తీసుకున్నాక ఇంకోటి తెలిసింది. చూడండి." కవరు పైకెత్తాడు. "అంటించింది అంటించినట్టే ఉంది. ఆవిడ విప్పలేదు. అంటే ఇందులో ఏముందో ఆవిడకి ఇవాళ్టికీ తెలీదు. అందుకే వచ్చాను. ఇది చదవక్కర్లేదు. నాకు నోరుంది."

ఓరిన్ కవరు దించాడు.

"పైవాళ్ళ రేడియో వినమని కెప్టెన్ నాకు అప్పజెప్పారు. 'వెనక్కి రండి' అని పిలుపొచ్చింది. ఆవిడకి వినబడలేదు. నాకు వినబడింది. వెంటనే చెబుదామని ఆవిడతో మాట్లాడే బటన్ మీద చెయ్యి వేశాను. వెండెల్ నా పక్కనే ఉన్నాడు. వాడూ విన్నాడు. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఇదిగో, ఇప్పుడు లేని ఈ చెయ్యే. కిందికి చూపించాడు. దుమ్ములో ఎవరో అద్దం ముక్క తిప్పుతున్నారు, తళుకు తళుకుమని. వాడు తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దు అన్నాడు. నేను చెయ్యి తీసేశాను."

ఆర్డిస్ కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. పదిహేనేళ్ళుగా ఆమె మోస్తున్నది వెండెల్‌ని. ఏమీ తెలియని కుర్రాణ్ణి తన వెంట చావుకి తీసుకెళ్ళానన్న బరువుని. వాడు విన్నాడు. తెలిసే వచ్చాడు. ఆమె తల మెల్లగా పైకి లేచింది. కళ్ళు తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

కుర్చీలు కిరకిరమన్నాయి. మొదట ముసలాయన లేచాడు. తర్వాత తల తిప్పుకున్న ఆ నలుగురూ. బల్ల వెంట బల్ల, మూడువందల మంది నిలబడుతున్నారు. ప్రెస్టన్ రెండు ఫోన్లూ జేబులో పెట్టేసుకుని నిలబడ్డాడు. స్పియర్ రెండో చేతిలోని నివేదికను నెమ్మదిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మైకు మాత్రం దించలేదు.

ఓరిన్ వాళ్ళవైపు చూడలేదు. ఆర్డిస్‌నే చూస్తున్నాడు.

"ఇంకా లేవకండి, పూర్తి కాలేదు. కెప్టెన్ ప్రమాణం చేసి అబద్ధం చెప్పారు. ఆ తప్పు ఆవిడది. దానికేం చేస్తారో మంగళవారం మీరే తేల్చండి. నా తప్పు నన్ను చెప్పనివ్వండి. రేడియో రెండోసారి పిలిచింది. అప్పటికి వెండెల్ స్ట్రెచర్లు సర్దుతూ అటు తిరిగున్నాడు. మొదటిసారి వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. రెండోసారి ఎవరూ పట్టుకోలేదు. రెండోసారి నేనొక్కణ్ణే. కింద ఉన్న ఐదుగురిలో నాకు తెలిసినవాడు ఒక్కడు కూడా లేడు. అయినా నోరు మూసుకున్నాను. విన్నాను. పాటించలేదు. టీవీలో మోగుతున్న ఆ మాట ఆవిడది కాదు, నాది. పదిహేనేళ్ళు ఆవిడ మోశారు. ఇవాళ నా మాట నాకిచ్చెయ్యండి."